ఎక్స్ఛేంజి పిన్నిగారు

మొన్న ఆదివారం పొద్దున్న పప్పులోకి పోపు పెడుతుంటే సెల్ మోగింది. ఎవరో అమ్మాయి, ఫోను కంపెనీ నుంచి మాట్లాడుతున్నానంది. గుక్క తిప్పుకోకుండా ఏదో చెప్పుకుపోయింది. పోపు మాడుతుందేమోనన్న కంగారులో నేను మధ్యమధ్య "ఆయ్... ఆయ్..." అంటూ విన్నాను. "థాంక్యూ మేడం" అని పెట్టేసింది. ఆ సాయంత్రం నుంచి నాకు ఎవరు ఫోన్ చేసినా పెళ్ళి బ్యాండు వినిపిస్తోందట. సోమవారం స్టాఫ్ రూములో మా హెడ్మాస్టరు గారు అందరి ముందూ "ఏంటమ్మా, ఇంట్లో శుభకార్యమా? మాకు చెప్పనేలేదు" అని అడిగారు. తర్వాత కనుక్కుంటే, పాట పెట్టమంటారా అని ఆ అమ్మాయి అడిగిందట, నేను ఆయ్ అన్నానట.

ఇది వింటే పొట్ట పట్టుకుని నవ్వే మనిషి ఒకరుండేవారు. ముందు నవ్వేసి, తర్వాత నన్ను చీవాట్లు పెట్టేవారు. ఆవిడ పోయి నాలుగు నెలలైందట. నాకు తెలిసి పది రోజులు కూడా కాలేదు. నాతోపాటు కాలేజీలో చదివినతను నిడదవోలు బస్టాండులో కనపడి, "నీకు తెలుసనుకున్నాను" అన్నాడు. అందరికీ తెలిసిందని అందరూ అనుకున్నారు. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకిప్పటికీ ఆ కోపం తగ్గలేదు.

మేమంతా ఆవిణ్ణి ఎక్స్ఛేంజి పిన్నిగారు అనేవాళ్ళం. అసలు పేరు ఇక్కడ రాయను. రాస్తే, "నా పేరు ప్రకటనలో ఎందుకు వేశావే, నేనేమైనా తప్పిపోయానా?" అని అడిగే మనిషి.

మాది కడియం పక్కన పల్లె. మా అమ్మా నాన్నా ఇద్దరూ నర్సరీలో పనివాళ్ళు. కవర్లలో మట్టి నింపడం, కొమ్మలకి అంట్లు కట్టడం, తొలకరి పడగానే లారీలకి మొక్కలెత్తడం, ఇదీ మా ఇంటి చదువు. ఇంటర్‌లో మంచి మార్కులొచ్చాయని మా మేష్టారు పట్టుబడితే రాజమండ్రి కాలేజీలో బి.ఎస్సీ.లో చేరాను. మా ఇంటి నుంచి కాలేజీ గుమ్మం తొక్కిన మొదటిదాన్ని నేనే. గుమ్మమైతే తొక్కాను గానీ లోపల ఎవరితో ఏం మాట్లాడాలో తెలీదు. హాల్ టికెట్ అంటే సినిమా టికెట్ లాంటిదేదో అనుకున్న రోజులవి. నవ్వకండి, నిజం.

సరిగ్గా ఆ ఏడాదే పాత విద్యార్థుల సంఘం వాళ్ళకి ఓ ఆలోచన వచ్చింది. మాలాంటి పిల్లలు ఎంత చప్పుడు లేకుండా చేరారో అంతే చప్పుడు లేకుండా మానేస్తున్నారని, ఇంట్లో మొదటిసారి కాలేజీకొచ్చిన వాళ్ళకి తలా ఒక పాత విద్యార్థిని పెద్దదిక్కుగా పెట్టాలని. పెద్ద హాల్లో మీటింగు పెట్టి చీట్లు తీయించారు. నా పక్కన కూర్చున్న అమ్మాయికి డాక్టరుగారు వచ్చారు. ఇంకొకరికి లాయరు, ఒకరికి ఇంజనీరు. నా చీటీ విప్పితే టెలిఫోన్ ఎక్స్ఛేంజి, ఆపరేటరు అని ఉంది. ఇంటికెళ్ళేదాకా ఆగలేక బస్సులోనే ఏడ్చాను. నా మొహానికి డాక్టరు రాడని తెలుసు గానీ, మరీ ఫోన్లు కలిపే ఆవిడా?

డాక్టరుగారు ఫొటో దిగి వెళ్ళారు. మళ్ళీ కనపడలేదు. పాపం ఆయన పనులు ఆయనవి. పిన్నిగారు మాత్రం రెండు వారాలకోసారి, శనివారం మధ్యాహ్నం, పొద్దుటి డ్యూటీ దిగి తిన్నగా కాలేజీకి వచ్చేసేవారు. సైకిల్ స్టాండు పక్కన ఒక సిమెంటు బల్ల ఉండేది. అదే ఆవిడ ఆఫీసు. వాయిలు చీర, చేతిలో గొడుగు, బుగ్గన కరక్కాయ ముక్క. రోజంతా మాట్లాడే ఉద్యోగం కదా, గొంతు పోకుండా అదొకటి ఎప్పుడూ చప్పరిస్తుండేవారు. ఎడం చెవికి దిద్దు ఉండేది కాదు. హెడ్‌ఫోను ఒత్తుకుని నొప్పి పెడుతుందని ఎప్పుడో తీసేశారట, ఆ కుట్టు కూడా పూడిపోయింది. కుడి చెవికి మాత్రం ఎర్రరాయి దిద్దు మెరుస్తుండేది. మొదటిసారి చూసినప్పుడు, పాపం రెండోది ఎక్కడో పారేసుకున్నారు కాబోలు అనుకున్నాను.

ఎవరైనా మాట్లాడుతుంటే ఆవిడ మన మొహం చూసేవారు కాదు. ఎడం చెవి మనవైపు తిప్పి కళ్ళు మూసుకునేవారు. కొత్తవాళ్ళకి ఆవిడ నిద్రపోతున్నారనిపించేది. మాట దారి తప్పితే చాలు, రెండు వేళ్ళతో గాల్లోంచి ఏదో పిన్ను లాగేసినట్టు లాగి "లైన్ కట్" అనేవారు. కాస్త సేపు ఓపిగ్గా వింటే, "మూడు నిమిషాలైంది. ఎక్స్‌టెండ్ చెయ్యమంటారా?" అని ట్రంకాల్ మధ్యలో అడిగే ఎక్స్ఛేంజి గొంతుతో అడిగేవారు. ఆ గొంతు వేరు. అది వినగానే మేం చెప్పదలుచుకున్నది సగానికి తగ్గిపోయేది.

ఫిజిక్సు అడిగితే, "నాకు రాదు. లెక్చరర్ని అడుగు. ఆయనకి జీతమిచ్చేది అందుకే" అనేవారు. "అడగాలంటే భయమేస్తోందండి" అంటే అప్పుడు కళ్ళు తెరిచేవారు. "ఆ. ఇదీ నా సబ్జెక్టు. చెప్పు. ఏమని అడుగుతావు?"

ఆవిడ చెప్పే పాఠం అదొక్కటే. ఆఫీసులో గుమ్మం దగ్గర నిలబడకూడదు, టేబుల్ దాకా వెళ్ళాలి. తలకాయ ఊపకూడదు. "ఫోన్లో తలకాయ ఊపితే అవతలివాడికి కనపడదే అమ్మాయ్." ఇక్కడ ఫోను లేదు కదండి అంటే, "ఫైల్లో తల దూర్చినవాడికీ కనపడదు" అనేవారు. అన్నిటికంటే ముఖ్యమైనది ఆయ్.

మా గోదావరి వాళ్ళకి ఆయ్ ఎంత అలవాటో చెప్పక్కర్లేదు. పెద్దవాళ్ళు ఏదన్నా ఆయ్. భోంచేశావా, ఆయ్. చెయ్యలేదా, ఆయ్. అందులో మర్యాద ఉంది, వినయం ఉంది, ఆవలింత కూడా ఉంది. ఆవిడ చేతికింద ఉన్నది మేమిద్దరం. నేను, జంగారెడ్డిగూడెం వైపు నుంచి వచ్చిన ఒక పొడుగాటి అబ్బాయి. మా ఇద్దరికీ నోరు తెరిస్తే వచ్చేది అదొక్కటే. ఒక శనివారం పిన్నిగారు సిమెంటు బల్ల వెనక గుమాస్తాలా కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, మావైపు చూడకుండా ప్రశ్నలు మొదలుపెట్టారు.

"ఊరేది?"

ఆ అబ్బాయి చెప్పాడు.

"ఫారం నింపావా?"

"ఆయ్."

"నింపలేదుగా?"

"ఆయ్."

"నువ్వు గాడిదవేనా?"

"ఆయ్ అండి."

నేను పడిపడి నవ్వాను. పిన్నిగారు నవ్వలేదు. "నీ వంతు రానీ" అన్నారు. నా వంతులో నేను పెళ్ళికి ఒప్పుకున్నాను, కాలేజీకి నిప్పుపెట్టింది నేనేనని కూడా ఒప్పుకున్నాను.

ఎక్స్ఛేంజిలో విన్న మాటలు ఆవిడ ఎప్పుడూ బయట చెప్పేవారు కాదు. అది ఉద్యోగ ధర్మం అనేవారు. ఒక్క సంగతి మాత్రం పేర్లు లేకుండా చెప్పారు. ఎప్పుడో ఉత్తరాదినుంచి వచ్చిన ఒక వ్యాపారి, మనవైపు రైతుకి ట్రంకాల్ చేసి, ధాన్యం లారీ రేపు పంపుతారా అని అడిగాడట. ఈయన ఆయ్ అన్నాడు. పొద్దున్నే బయల్దేరుతుందా, ఆయ్. మర్నాడు లారీ రాలేదు. ఆ వ్యాపారి మళ్ళీ ఫోన్ చేసి, ఒప్పుకుని మోసం చేశావన్నాడు. నేనెక్కడ ఒప్పుకున్నానండీ, మీరు చెప్తుంటే విన్నాను, అని ఈయన. "మధ్యలో ఇద్దరినీ కలిపిందాన్ని నేను. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఆ రోజు తెలిసిందే నాకు, మన ఆయ్‌కి మర్యాదే గానీ అర్థం లేదని."

అలాగని మానెయ్యమని ఎప్పుడూ అనలేదు. "అది మన నోటికి అందం. ఉండనీ. దాని వెనకాల ఇంకో మాట ఉండాలంతే. ఆయ్, విన్నానండి. ఆయ్, గానీ నాకు కుదరదండి. ఆయ్ ఒక్కదాన్నీ తీసుకెళ్ళి వాళ్ళ టేబుల్ మీద వదిలేసి రావద్దు. వాళ్ళకి కావలసినట్టు రాసుకుంటారు."

నిజం చెప్పాలంటే, ఇదంతా నాకు విసుగ్గా ఉండేది. పక్కవాళ్ళ పెద్దదిక్కులు రాకపోతే రాకపోయారు, వచ్చిన ఈవిడ నాకు కెమిస్ట్రీ నోట్సు ఇప్పించకుండా ఆయ్ పట్టుకుని వేలాడుతుందేంటి అనుకునేదాన్ని.

రెండో ఏడాది కాలేజీ తెరిచిన వారానికే అమ్మ మొక్కల బండి మీంచి జారి మోకాలు విరగ్గొట్టుకుంది. లారీలు వచ్చే కాలం. పనికి వెళ్ళేది నాన్న ఒక్కడే. అమ్మ బదులు నేను వెళ్ళాను. నాలుగు రోజులనుకున్నది నెలన్నర అయింది. కాలేజీకి ఒక ఉత్తరం ముక్క రాయాలని కూడా తట్టలేదు. మా ఇంట్లో పనికి వెళ్ళకపోతే కబురు పెట్టాలి గానీ, చదువుకి వెళ్ళకపోతే ఎవరికి కబురు పెడతారు?

తిరిగి వెళ్ళేసరికి ఆఫీసులోకి రమ్మన్నారు. సూపర్నెంటు గారు పెద్దాయన, తెల్ల చొక్కా, నుదుట విబూది. చెడ్డవారు కాదు. కూర్చోమన్నారు, మంచినీళ్ళు ఇప్పించారు.

"నెలన్నర రాలేదమ్మా నువ్వు. హాజరు చాలదు. రేపు పరీక్షకి కూర్చోనివ్వరు."

"ఆయ్."

"ఇంటి దగ్గర ఇబ్బందులుంటాయి, నాకు తెలుసు. నీలాంటివాళ్ళకి ప్రైవేటుగా కట్టుకుని బి.ఏ. రాసుకోవడం నయం. పనీ చేసుకోవచ్చు, చదువూ చదువుకోవచ్చు."

"ఆయ్."

"మరి టి.సి. తీసేసుకుంటావా?"

"ఆయ్."

"ఇక్కడ సంతకం పెట్టు మరి."

"ఆయ్," అని పెట్టేశాను.

నాకు తెలియక కాదు. టి.సి. అంటే ఏమిటో తెలుసు. ఆయన ఒక్కో మాటా అంటుంటే లోపల కాదు కాదు అనుకుంటూనే ఉన్నాను. గానీ అంత పెద్దాయన, నా మంచి కోరి, నీళ్ళిచ్చి మరీ చెప్తుంటే మధ్యలో కాదనడం నాకు చేతకాలేదు. మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. మెట్లు దిగాక చేతిలో కాగితం చూసుకున్నాను. వెనక్కి వెళ్ళి ఏమని చెప్పను?

అమ్మకి చెప్తే, "పెద్దోళ్ళు ఊరికే చెప్తారేంటమ్మా" అంది. కాసేపాగి, "పోనీలే. మేస్త్రీ ఎలాగూ అడుగుతున్నాడు, అంట్లు కట్టడానికి నీ చెయ్యి బావుందంట. సోమారం నించి రోజూ వచ్చెయ్" అంది. నా మీద ప్రేమతోనే అంది. ఆ మాటతో నాకు కళ్ళ ముందు ముప్పై ఏళ్ళు కనపడ్డాయి. ఆ పని తక్కువని కాదు. నేను కోరుకున్నది అది కాదు, అంతే.

శనివారం, ఇన్నాళ్ళూ వచ్చినదాన్ని చెప్పకుండా మానేస్తే బావుండదని, సిమెంటు బల్ల దగ్గరికి వెళ్ళాను. విషయం విని పిన్నిగారు అయ్యో అనలేదు, తిట్టలేదు. "ఆయన ఏమన్నారు, నువ్వేమన్నావు, మాటకి మాట చెప్పు" అని చెవి తిప్పి కళ్ళు మూసుకున్నారు. అంతా చెప్పాను.

"నాలుగు ఆయ్‌లు. ఒక్కటైనా అవునేనా?"

"కాదండి."

"పద అయితే."

"పిన్నిగారూ, మీరు చెప్పండి. మీరు చెప్తే ఆయన వింటారు."

"వింటారు. ఈ ఒక్కసారికీ. వచ్చే ఏడాది ఇంకోటి వస్తుంది. అప్పటికి నేను డ్యూటీలో ఉంటాను," అని గొడుగు తీసుకుని లేచారు.

ఆఫీసులో సూపర్నెంటు గారు ఆవిణ్ణి చూసి కుర్చీ చూపించారు. ఆవిడ కూర్చోలేదు. "ఈ అమ్మాయి మీతో మాట్లాడాలంటోందండి" అన్నారు.

"ఏంటండీ విషయం? మీరు చెప్పండి."

"మాట్లాడేది ఆ అమ్మాయండి. నేను కలిపేదాన్నే," అని కిటికీ దగ్గరికి వెళ్ళి, మాకు వీపు పెట్టి సైకిల్ స్టాండు వైపు చూస్తూ నిలబడిపోయారు.

ఆయన నావైపు తిరిగారు. "ఏంటమ్మా?"

"టి.సి. గురించండి..."

"తీసుకున్నావుగా?"

"ఆయ్."

"ఒరిజినలే ఇచ్చాంగా?"

"ఆయ్." కిటికీ దగ్గర వీపు కదల్లేదు. నాకు ఆవిడ మీద కోపమొచ్చింది. ఒక్క మాట సాయం చేస్తే ఏం పోయింది ఈవిడకి? ఆ కోపమే నన్ను కదిపినట్టుంది. "ఆయ్ అన్నాను గానీ, నాకు వద్దండి" అన్నాను.

"ఏది వద్దు?"

"టి.సి. వద్దండి. నేను చదువుకుంటానండి."

ఆయన కళ్ళజోడు తీశారు. "అదేంటమ్మా? మొన్న అన్నీ అడిగే కదా చేశాను. ప్రతిదానికీ ఆయ్ అన్నావు. బలవంతంగా సంతకం పెట్టించానా నేను?"

"లేదండి. మీరు చెప్తుంటే విన్నానండి. ఒప్పుకోలేదండి."

"ఆయ్ అంటే ఒప్పుకోవడం కాదా? నేనేమైనా పై రాష్ట్రం నుంచి వచ్చానా?"

ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. అప్పుడే టేబుల్ మీద ఫోను మోగింది. ఆ ఫోను గంటకి పదిసార్లు మోగుతూనే ఉంటుంది, ప్రిన్సిపాల్ గారి గది నుంచి. ఆయన సగం లేచి నిలబడి తీశారు.

"ఆయ్... ఆయ్... ఆయ్ సార్... ఆయ్."

పెట్టేసి, పక్క సీటు గుమాస్తాతో గొణిగారు. "రేపు ఆదివారం కూడా వచ్చి ఫైళ్ళు చూడమంటున్నారయ్యా. నేనెక్కడొస్తాను? రేపు మా మేనకోడలి ఓణీల ఫంక్షన్. సోమవారం ఏదో ఒకటి చెప్పుకుంటాలే."

నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు. "మీరు ఆయ్ అన్నారు కదండి?"

"ఎవరితో?"

"ఇప్పుడు, ప్రిన్సిపాల్ గారితోనండి."

"అంటే? అంతటివారు చెప్తుంటే ఆయ్ అనకపోతే ఎలా? వస్తానని ఎక్కడన్నాను?"

"నేనూ అంతేనండి," అన్నాను.

పక్క సీటు గుమాస్తా ముందు నవ్వాడు. సూపర్నెంటు గారు వాడివైపు ఉరిమి చూసి, తర్వాత నావైపు చూసి, ఇక ఆపుకోలేక ఆయనా నవ్వేశారు. కిటికీ దగ్గర వీపు కూడా ఊగుతోంది.

అంతటితో అయిపోలేదు. రిజిస్టర్లో ఎక్కిన టి.సి.ని రద్దు చెయ్యాలంటే ప్రిన్సిపాల్ గారే చెయ్యాలి. సోమవారం అర్జీ పట్టుకుని రమ్మన్నారు. సోమవారం పిన్నిగారికి డ్యూటీ. నేనొక్కదాన్నే వెళ్ళాను. గుమ్మం దగ్గర ఆగిపోబోయి, టేబుల్ దాకా వెళ్ళాను. ప్రిన్సిపాల్ గారు అర్జీ చదివి, "వచ్చే ఏడాది మళ్ళీ లారీలు వస్తాయి కదా. అప్పుడేం చేస్తావు?" అని అడిగారు. "పొద్దున్న మొక్కలెత్తి కాలేజీకి వస్తానండి. రాలేకపోతే ముందే ఉత్తరం రాస్తానండి" అన్నాను. హాజరు తగ్గినందుకు మాఫీ కోసం పైకి రాస్తానన్నారు, మిగతా ఏడాది ఒక్కరోజు మానినా తన బాధ్యత లేదన్నారు. టి.సి. మీద ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టారు. ఆ గీత చూసినంత సంతోషం నాకు తర్వాత ఏ మార్కులు చూసినా కలగలేదు.

ఆ తర్వాత సూపర్నెంటు గారి దగ్గరికి ఎప్పుడు వెళ్ళి ఆయ్ అన్నా, పెన్ను పైకెత్తి, "ఏ ఆయ్ అమ్మా ఇది?" అని అడిగి గానీ రాసేవారు కాదు.

పిన్నిగారు మెచ్చుకుంటారని శనివారం ఎదురుచూశాను. "గొంతు వణికింది. అండీలు మరీ ఎక్కువయ్యాయి" అన్నారు. తర్వాత చేతిసంచిలోంచి కరక్కాయ ముక్క ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. నోట్లో వేసుకుంటే వగరుకి కళ్ళలో నీళ్ళొచ్చాయి. వగరుకే వచ్చాయని ఆవిడతో అన్నాను. "ఆయ్" అన్నారు, అచ్చం నాలాగే.

నేను మూడో ఏడాదిలో ఉండగా ఎక్స్ఛేంజిలో కొత్త మెషిన్లు వచ్చాయి. ఊరంతా ఎస్.టి.డి. బూత్‌లు. కలిపేవాళ్ళ అవసరం తీరిపోయి, ఆవిణ్ణి బిల్లుల కౌంటర్లో వేశారు. అక్కడ ఆవిడకి నచ్చలేదు. "అందరూ ఎదురుగా నిలబడతారే. మొహాలు చూస్తుంటే మాట వినపడదు నాకు" అనేవారు. నిజానికి ఎడం చెవి అప్పటికే మొరాయిస్తోందని మాకు తర్వాత తెలిసింది. శనివారాలు మాత్రం మానలేదు.

డిగ్రీ పాసయ్యాక సర్టిఫికెట్ చేతికొచ్చిన మర్నాడు, ఆదివారం, ఆవిడ ఇంటికి వెళ్ళాను. గోదావరి గట్టుకి దగ్గర్లో రెండు గదుల ఇల్లు. గుమ్మంలో కూర్చుని గోంగూర ఆకులు తుంచుతున్నారు. కాగితం ఇవ్వబోతే ఆగమని, లోపలికెళ్ళి చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, తడి ఉందేమోనని మళ్ళీ తుడుచుకుని వచ్చారు. రెండు చేతులతో అంచులు పట్టుకుని చూశారు. తిప్పి వెనక కూడా చూశారు. వెనక ఏమీ ఉండదు.

"ఇది ఇలా ఉంటుందన్నమాట" అన్నారు.

"మీది వేరేలా ఉండేదాండి?"

"నాకు లేదుగా."

నాకు అర్థం కాలేదు. ఆవిడ మళ్ళీ గోంగూర ముందేసుకుని మామూలుగానే చెప్పారు. "రెండో ఏడాదిలో ఉండగా టెలిఫోన్‌లో ఉద్యోగం వచ్చింది. ధవళేశ్వరం లాకుల దగ్గర పడవలు తాడేసి లాగే మనిషి మా నాన్న. కూతురికి గవర్నమెంటు ఉద్యోగమని కనపడిన పడవకల్లా చెప్పుకున్నాడు. ఇంక చదువెందుకన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. టి.సి. తీసుకున్నాను. ఏడుపు కూడా రాలేదు. పదేళ్ళ తర్వాత ఓరోజు డ్యూటీకి వెళ్తుంటే బస్సు మన కాలేజీ ముందు ఆగింది. పుస్తకాలు పట్టుకుని బిలబిలమంటూ పిల్లలెక్కారు. అప్పుడొచ్చింది. ఎక్స్ఛేంజి దాకా ఏడుస్తూనే వెళ్ళాను. పక్కావిడ ఎవరైనా పోయారా అని అడిగింది."

"మరి సంఘంలో..."

"పాత విద్యార్థులు రావాలని కదా రాశారు. పాసైనవాళ్ళే రావాలని రాయలేదు. వెళ్ళాను. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

చీటీ విప్పుకుని బస్సులో ఏడ్చిన నా ఏడుపు గుర్తొచ్చి సిగ్గుతో తల దించుకున్నాను. ఆవిడ అది గమనించారో లేదో గానీ, కాగితం నా చేతికి తిరిగిచ్చి, "ఇంగ్లీషులో ఉంది. చదివి వినిపించు" అన్నారు. ఇంగ్లీషు ఆవిడకి నాకన్నా బాగా వచ్చు. అయినా చదివాను. యూనివర్సిటీ పేరు, ముద్ర కింద ఉన్న మాటలు, ఫలానా పరీక్షలో ఫలానావారు ఉత్తీర్ణులైనారని. ఆవిడ కళ్ళు మూసుకుని వింటూ, సగంలో చెయ్యెత్తి ఆపారు.

"నీ పేరు దగ్గర పరిగెడుతున్నావు. మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను.

"ఇంకా పరుగే. ఎవరి పేరనుకుంటున్నావు అది?"

మూడోసారి, మా నాన్న ఇంటిపేరు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో అక్షరం దగ్గరా ఆగి, వీధిలో పోయేవాళ్ళకి కూడా వినపడేలా చదివాను. ఆవిడ కళ్ళు తెరిచారు.

"ఆ," అన్నారు. "ఇప్పుడు తెలిసింది ఎవరు పాసయ్యారో."